పొట్టుకి తగిలిన సెగ

ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు నా నెత్తిమీద స్కేలుతో రెండుసార్లు తట్టి, లోపలి చప్పుడు చెవిపెట్టి విని, "వీడి బుర్రలో ఏమీ లేదు" అని క్లాసంతటికీ ప్రకటించారు. ఆయన మాట మీద గౌరవం కొద్దీ నేను ఆ ఏడాదే బడి మానేశాను. ముప్పై మూడేళ్ళ తర్వాత టెక్కలిలో నా తలకి స్కాన్ తీసి, ఎడమ చెవికి పైన నిమ్మకాయంత కణితి ఉందని తేల్చారు. మాస్టారు బతికుంటే ఆ ఫిల్ము పట్టుకెళ్ళి చూపించేవాణ్ణి. ఆయన దగ్గర నేను నెగ్గిన లెక్క అదొక్కటే.

పలాసలో జీడిపిక్కలు కాల్చే పని నాది. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో పిక్కల్ని ఆవిరికి ఉడకబెట్టేస్తున్నారు. మా షావుకారు మాత్రం కాల్చిన పప్పు రుచే వేరని నమ్ముతాడు. ఆ నమ్మకం మీదే నా కుటుంబం బతుకుతోంది. ఇనప డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. పిక్కలు ఇటు నుంచి పడి అటు నుంచి మండుతూ బయటికొస్తాయి. పైన గట్టి పెంకు, పెంకులో ఒంటిమీద పడితే బొబ్బలెక్కించే నూనె, దాని లోపల పల్చటి ఎర్రపొట్టు, ఆ పొట్టు లోపల పప్పు. పెంకు మాడాలి, పప్పు మాడకూడదు. మధ్యలో ఉన్న పొట్టుకి ఎంత సెగ తగిలిందో చెప్పే సాధనం నాకు తెలిసి ఎవరి దగ్గరా లేదు. చిటపటల చప్పుడు విని, పొగ రంగు చూసి, "చాలు, లాగండ్రా" అని నేను అరవాలి. నా ఉద్యోగమంతా ఆ అరుపే.

మా ఆవిడ అదే ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. పెంకు కొట్టాక పప్పుని ఆరబెడతారు, ఆరిన పప్పు ఆమె ముందుకొస్తుంది. చిన్న కత్తితో పొట్టు గీకి, పప్పు విరక్కుండా వస్తే గుండు, రెండుగా చీలిపోతే బద్ద. గుండు అద్దాల పెట్టెలోకి, బద్ద పక్క బుట్టలోకి. ఆమె రోజుకెన్ని వేల పప్పులు చూస్తుందో గాని, నేను వేసే జోకులకి ఒక్కసారి కూడా తలెత్తి చూడదు. ఆ వరసలో కూర్చున్న మిగతా ఆడవాళ్ళంతా నవ్వుతారు. ఆమె మాత్రం "ఒల్లకుండు మావా, సెయ్యి తెగుతాది" అంటుంది.

జబ్బు బయటపడిన రోజు నేను ఆ ఆడవాళ్ళ మీద ఏదో పరాచికం మొదలుపెట్టాను. సగంలో మాట ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, చేతిలో పార ఉంది, మాట లేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడ్డానట. ఫ్యాక్టరీ అంతా పడీపడీ నవ్వింది. షావుకారు గది లోంచి వచ్చి చప్పట్లు కొట్టాడు. వెనకాల డ్రమ్ములో పిక్కలు బొగ్గవుతుంటే, అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. జీవితమంతా వేళాకోళం చేసినవాడికి పడే శిక్ష ఇది, నిజంగా చస్తున్నా రెండోసారి చెయ్యమని అడుగుతారు. లేచి వచ్చింది మా ఆవిడ ఒక్కతే. కత్తి కింద పెట్టి, నా మొహం చూసి, "నవ్వకండే, ఈయన నటించడం నేదు. నటిస్తే ఇంత బాగా సెయ్యడు" అంది.

మా ఊరి ఆరెంపీ డాక్టరు గ్యాసన్నాడు. ఆయన దృష్టిలో నడుం నొప్పీ గ్యాసే, జామీను దొరక్కపోవడమూ గ్యాసే. టెక్కలి వెళితే స్కానుకి ముందు రంగు మందు ఎక్కించాలన్నారు. కాగితం మీద ఊరి పేరు చూడగానే "ఉద్దానమా? ముందు క్రియాటినిన్ తే" అన్నారు. మా దగ్గర కిడ్నీ జబ్బు ఇంటింటి చుట్టం కాబట్టి, తల చూపించుకోవాలన్నా కిడ్నీ అనుమతి ఉండాలి. రక్తంలో ఆ అంకె ఎంత పెరిగితే కిడ్నీ అంత చెడినట్టు. నాకు ఒకటి పాయింటు ఒకటి వచ్చింది. మా ఊళ్ళో నా వయసువాడికి అది ఫస్టు క్లాసు. పదో తరగతి గడప తొక్కనివాణ్ణి, ఆ కాగితం మడిచి వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. కాన్సరు కాదన్నారు గాని, పూర్తిగా మంచిది కూడా కాదన్నారు. అంటే మా బావ లాంటిదన్నమాట. చాలావరకు తీసేశారు, ఒక ముక్క రక్తనాళాన్ని పట్టుకుని వదల్లేదట. దాన్ని కిరణాలతో కాల్చాలి. పెద్ద డాక్టరు సంతకం కోసం నా ముందు కాగితం పెట్టి, రాగల కష్టాలన్నీ చదివారు. జుట్టు రాలొచ్చు. "దువ్వెన ఖర్చు తప్పుతుందండీ" అన్నాను. అలసట రావచ్చు. "మా షావుకారు నమ్మడండీ" అన్నాను. ఆకలి తగ్గొచ్చు. "మా ఆవిడ వంట తిని ఈ మాటనండి" అన్నాను. ఆయన నవ్వకుండా చదువుకుంటూ పోయారు.

"చుట్టుపక్కల ఉన్న సన్నటి రక్తనాళాలకి కూడా కొంత తగులుతుంది. వెంటనే ఏమీ తెలీదు. కొన్నేళ్ళకి అవి మూసుకుపోతే ఆలోచన మందగించొచ్చు. మాట వెతుక్కోవాల్సి రావచ్చు."

పక్కనున్న మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆమెకు తెలుసు. నాకు పొలం లేదు, చదువు లేదు, అందం సంగతి ఎవరూ ఎత్తరు. పదిమందిలో నాకున్న చోటంతా నోరు సంపాదించి పెట్టిందే. ఎవడైనా ఒక మాట విసిరితే, అది నేల మీద పడకముందే తిరిగి విసిరెయ్యాలి. ఆ ఒక్కటీ పోతే మిగిలేది మసి పట్టిన చేతులూ, ఖాళీ అయిన నిమ్మకాయ చోటూ.

"ఎంత తగులుతుందండీ, ఆ సన్నవాటికి?" అని అడిగాను.

"ఆ లెక్కలు ఫిజిక్స్ వాళ్ళు చూస్తారు. కింద రూములో మేడమ్ ఉంటారు" అన్నారు.

అలా, లెక్కలంటే పారిపోయినవాణ్ణి ముప్పై మూడేళ్ళ తర్వాత నా కాళ్ళతో నేనే లెక్కల గదిలోకి నడిచి వెళ్ళాను. మేడమ్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలు, చల్లారిపోయిన కాఫీ, ఎదురుగా పెద్ద తెర. తెర మీద నా తల. ఎర్రగా, పసుపుగా, పచ్చగా, నీలంగా ఒకదాని చుట్టూ ఒకటి రంగు చుట్టలు.

"తుఫాను మ్యాపండీ ఇది!" అన్నాను.

ఆమె నవ్వింది. కానీ నేను జోకెయ్యలేదు. మా తీరంలో అక్షరం రాని ముసలమ్మ కూడా టీవీలో ఆ రంగులు చూసి ఎప్పుడు కదలాలో చెప్పగలదు. ఎర్రది కన్ను, అందులో ఉన్నవాడి పని అయిపోయింది. పసుపులో కొబ్బరిచెట్లు పోతాయి, పచ్చలో కప్పు పోతుంది, నీలంలో కరెంటు పోతుంది. అందుకని మా వాళ్ళందరం అడిగే మాటే నేనూ అడిగాను.

"మా ఊరెక్కడండీ?"

"ఏ ఊరు?"

"మాటలుండే ఊరు."

ఆమె పెన్నుతో చూపించింది. నా మాటల ఊరు సగం పచ్చలో, సగం పసుపులో ఉంది. మధ్యలో ఉన్న కణితికి మొత్తం యాభై నాలుగు గ్రే. గ్రే అంటే సెగని కొలిచే తూకం. ముప్పై విడతల్లో ఇస్తారు. మాటల చోట ఇరవై నుంచి ఇరవై ఆరు దాకా పడొచ్చు.

"ఇరవయ్యా, ఇరవై ఆరా?"

"అదే చెప్పలేనండీ. పెద్ద రక్తనాళాలు స్కానులో కనబడతాయి, వాటికెంత పడుతుందో నేను చెప్పగలను. సన్నవి కనబడవు. కంప్యూటరు మీ మెదడుని రెండు మిల్లీమీటర్ల గళ్ళుగా కోసుకుని, గడికింత అని లెక్క కడుతుంది. ఒక్కో గడిలో అలాంటి సన్ననాళాలు ఎన్నెన్నో ఉంటాయి. ఎక్కడ దగ్గరదగ్గరగా ఉంటాయో, ఎక్కడ పల్చగా ఉంటాయో ఊహించి, పక్క గళ్ళు చూసి, నేను అంచనా వెయ్యాలి. నా చదువంతా ఇప్పుడు దాని మీదే."

"అంటే హైవే కనిపిస్తుంది, డొంకదారులు కనబడవు. జనం నడిచేది డొంకల్లోనేమో గదండీ?"

"అచ్చంగా అంతే" అని కుర్చీ నా వైపు తిప్పింది. బడి చదువులో నాకు దొరకని మార్కు అది.

నాకు ఆశ పుట్టింది. "మేడమ్‌గారూ, మా దగ్గర తుఫానొస్తే అందరం ఒకటే దండం పెట్టుకుంటామండీ, ఒడిశా వైపు పోవాలని. దీన్ని కూడా కాస్త అటు తోసెయ్యండి."

ఆమె పెన్ను అటు వైపు జరిపింది. "అటు తోస్తే కంటి నరం ఉందండీ. ఒడిశాలో కూడా మనుషులుంటారు కదా."

నా నోటికి తగిన మనిషి విశాఖపట్నంలో ఉందని నాకెవరూ చెప్పలేదు. రెండు రోజులు ఆగమంది. ఆ రెండు రోజులూ కూర్చుని తుఫానుని అటు పిసరు, ఇటు పిసరు సర్ది, పసుపులో ఉన్న నా వీధులు కొన్నింటిని పచ్చలోకి తెచ్చింది. "ఇరవై ఆరు వైపున్నవి కొన్ని ఇరవై వైపు జరిగాయి, ఇంతకంటే నా వల్ల కాదు. ఇదీ అంచనాయే, గుర్తుపెట్టుకోండి" అంది. నాకా మాట నచ్చింది. ఇరవై ఏళ్ళుగా డ్రమ్ము పక్కన నిలబడి అరుస్తున్నాను గాని, "ఇది అంచనాయే" అని షావుకారుతో ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

ఇక కిరణాల సంగతి. ముందు వేడినీళ్ళలో మెత్తబడిన వలలాంటి అట్టని మొహం మీద పరిచి నొక్కుతారు. చల్లారితే అది నా మొహం ఆకారంలో బిగుసుకుంటుంది. రోజూ అది తొడిగి బల్లకి బిగిస్తారు. రొయ్యల వలలో పడ్డ పీతలా పడుకోవాలి, దవడ కదలకూడదు. పది నిమిషాలు నేను నోరు మూసుకుని ఉండటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మా ఆవిడ తలుపు దగ్గర అమ్మాయిని, "ఈ తొడుగు ఇంటికి ఇత్తారా అమ్మా?" అని అడిగింది. చివరి రోజున ఇస్తామన్నారు. ఆమె మొహంలో అంత ఆశ నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

మొదటి వారం అయ్యాక శనివారం రైలెక్కి పలాసలో దిగాం. స్టేషను బయట టీ కొట్టు దగ్గర మా బావ ఎదురుచూస్తున్నాడు. బావంటే మా ఆవిడ అన్న. కొబ్బరితోట రైతు. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటాడు. మిగతా టైమంతా నన్ను వెటకారం చెయ్యడానికే అట్టిపెట్టుకున్నాడు. మా ఉద్దానంలో ఇద్దరు కలిస్తే బాగున్నావా అని అడగరు.

"ఎంతొచ్చింది బావా?" అన్నాడు.

"యాభై నాలుగు" అన్నాను.

చేతిలో టీ గ్లాసు వదిలేశాడు.

"యాభై నాలుగా! నాకు పదకొండుకే మిషనెక్కించినారు బావా! ఆ కరెంటెట్టి కిడ్నీలు కాల్సీసినారేటి? ఎలా నడుస్తన్నావు?"

"అది క్రియాటినిన్ కాదు బావా, తలకి పెట్టే సెగ లెక్క..."

వినే స్థితిలో లేడు. ఫోను తీసి ఊరికి చెప్పేశాడు. మేం ఆటోలో ఇల్లు చేరేసరికి అరుగు మీద ఇరవై మంది ఆడవాళ్ళు, ముక్కులు చీదుతూ. ఒక పెద్దావిడ నా కళ్ళ కింద వేలు పెట్టి వాపు చూసింది. ఇంకొకాయన కొబ్బరినీళ్ళు మానెయ్యమన్నాడు. ఒకడైతే డయాలసిస్‌లో నా కోసం మంచం ఫోన్లో అడిగేశాడట, "యాభై నాలుగంటే ఎవులూ నమ్మనేదన్నా, మనిషిని తెమ్మన్నారు" అని వాపోయాడు. అంత అంకె మోసుకుని ఆటో దిగి నడిచినందుకు కొందరు నాకు దండం కూడా పెట్టారు. ఇరవై ఏళ్ళ వేళాకోళానికి రాని మర్యాద ఒక్క అంకెకి వచ్చింది. కాసేపు అనుభవిద్దామనిపించింది గాని మా ఆవిడ ఊరుకోలేదు.

"ఎందుకేడుస్తారు? అది మొత్తం సెగ. ముప్పై వాయిలు. వాయికి రెండైనా నేదు."

"వాయిలేటే, గారెలేటి?" అన్నాడు బావ.

"అలగే అనుకో."

బావ శాంతించలేదు. అసలు కథంతా వివరంగా విన్నాడు, సన్ననాళాలు, గళ్ళు, ఇరవై నుంచి ఇరవై ఆరు, అంచనా. విని మొహం చిట్లించాడు. "మా మిషను పాయింటు ఏసి రెండంకెలు సెప్తాది బావా. తొమ్మిది పాయింటు నాలుగు రెండు. ఇరవైకీ ఇరవై ఆరుకీ మద్దిన ఎక్కడో ఉంటాదంటే అదేం లెక్క? నానూ సెప్తాను, నా తోటలో ఐదొందల నుంచి ఐదు వేల కాయలు కాస్తాయి. నన్నూ పిలమను, ఇశాపట్నంలో ఉజ్జోగం సేత్తాను."

ఊళ్ళో అందరూ అతని వైపే. మా జనానికి పాయింటు మీద ఉన్న భక్తి దేవుడి మీద కూడా లేదు. పాయింటు తర్వాత రెండంకెలుంటే అది సత్యం. తెలీదని ఒప్పుకున్న మనిషి చదువుకోని మనిషి. ఆ లెక్కన మా ఆరెంపీ డాక్టరు మహా పండితుడు, ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా తెలీదనలేదు.

వెళ్ళేటప్పుడు బావ ఒక పథకం చెప్పాడు. "నీ నోరు మందగించినాదో నేదో నాను సూత్తాను. వారానికోసారి ఓ మాట ఏత్తాను. ఎంతసేపటికి తిరిగేత్తావో ఫోన్ల గడియారమెట్టి సూత్తాను. పాయింటుతో సెప్తాను." అన్నట్టే ఆ రోజే మొదలుపెట్టాడు. "బావా, నీ బుర్ర కోసినప్పుడు డాక్టరుకి ఏటి దొరికినాదట?" అని మీట నొక్కాడు. "నీకియ్యాల్సిన తెలివి" అన్నాను. ఒకటి పాయింటు మూడు సెకన్లు. అది మా అరుగు గోడ మీద బొగ్గుతో రాశాడు.

పలాస వాళ్ళు ఏ ఆఫీసుకెళ్ళినా, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా చేతిలో జీడిపప్పు పొట్లం లేకుండా వెళ్ళరు. అది మా విజిటింగు కార్డు. తిరిగి వెళ్ళేటప్పుడు మా ఆవిడ ఇంటి చెట్ల పిక్కలు, నేను జబ్బుకి ముందు పెరట్లో చిన్న డ్రమ్ములో కాల్చి పెంకు కొట్టినవి, పొట్టుతోనే సంచిలో వేసుకుంది. అక్కడ కూర్చుని వలిచి తాజాగా ఇస్తానని. ఆస్పత్రి హాల్లో, ఎదురుగా రోగులంతా మౌనంగా కూర్చుని ఉంటే, ఆమె గుడ్డ పరిచి కత్తి తీసింది. గార్డు పరుగెత్తుకొచ్చాడు. కత్తి లోపలికి రాకూడదన్నాడు. "ఇది కత్తి కాదు బాబూ, నా సెయ్యి" అంది. గొడవ విని లెక్కల మేడమ్ గది లోంచి వచ్చింది. గార్డుని పంపేసి, కుతూహలంగా పక్కన కూర్చుంది.

మా ఆవిడ వలుస్తూ పప్పుల్ని మూడు కుప్పలు వేస్తోంది.

"ఎందుకు వేరుచేస్తున్నారు?"

"ఇవి సరిగ్గా కాలినాయి. ఇవి డ్రమ్ము నోటికాడ పడినాయి, సెగ సాల్లేదు. ఇవి అడుగున ఉండిపోనాయి, ఎక్కువ తగిలినాది."

మేడమ్ మూడు పప్పులు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "నాకన్నీ ఒకేలా ఉన్నాయండీ. మీకెలా తెలుస్తోంది?"

"పొట్టు సెప్తాదమ్మా. సరిగ్గా కాలితే గోటికే ఊడొత్తాది. ఎక్కువ తగిల్తే పప్పుని అంటుకుపోతాది, గీకాల. గీకితే పప్పు సీలిపోతాది, బద్దయిపోతాది."

"కాల్చిన రోజే తెలిసిపోతుందా?"

"నేదు. కాల్సిన్నాడు అన్నీ ఒకలాగే ఉంటాయి. ఆరాల. మూడోనాడు నా సేతికొత్తాది, అప్పుడు తెలుస్తాది ఈయన ఏ రోజు ఎవుల్తో కబుర్లాడుతూ కాల్సినాడో."

నేను ఉలిక్కిపడ్డాను. ఇరవై ఏళ్ళుగా నా ప్రోగ్రెస్ కార్డు మా ఆవిడ మూడో రోజు మూడో రోజు రాస్తోందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలీదు.

"ఒక్కనాడూ చెప్పలేదేం?" అన్నాను.

"సెప్తే షావుకారు ఇంటాడు. ఊరుకున్నాను."

మేడమ్ మాత్రం నవ్వలేదు. చేతిలో పప్పుని గుడ్డ మీద పెట్టింది. "మాదీ అంతేనండీ. ఈయన సన్ననాళాలకి ఎంత తగిలిందో ఇవాళ నేను లెక్క వేస్తాను. నా లెక్క సరైనదో కాదో తెలిసేది మూడో రోజు కాదు, మూడో ఏడో, ఐదో ఏడో. అప్పటికి ఎవరు చూసి చెప్తారు? ఏడాదికోసారి వచ్చి పరీక్ష రాస్తారు, అంతే. రోజూ దగ్గరుండి చూసేవాళ్ళు మాకుండరు" అంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. మా ఆవిడ మాట ఒక చదువుకున్న పుస్తకంలోకి ఎక్కడం చూస్తూ, ఇంత బతుకు బతికి నేను చెప్పినదాన్ని గోడమీద బొగ్గుతో రాశారే అని కాస్త కుళ్ళుకున్నాను.

ముప్పై వాయిలూ అయ్యాయి. చివరి రోజు పరీక్ష పెట్టారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలనో చూడాలట. ముందు మా బావ పేరు చెప్పాను, కొట్టేశారు. తర్వాత సముద్రంలోకి దిగి వంజరం, చందువ, పండుగప్ప, కానాగంత అని అక్కుపల్లి ఒడ్డుకొచ్చే చేపలన్నీ చెప్పేశాను. ఇరవై రెండు వచ్చాయి. ఆపరేషనుకి ముందు ఇరవై మూడు. "బాగుంది" అన్నారు. ఆ ఒక్క చేప ఎక్కడ జారిపోయిందా అని రైల్లో పలాస దాకా వెతుక్కున్నాను.

మొహం తొడుగు మా ఆవిడకిచ్చారు. దాన్ని వంగ మొక్కల మధ్య కర్రకి కట్టి దిష్టిబొమ్మని చేసింది. ఆ ఏడు వంకాయలు విరగకాశాయి. కాకులు కూడా వాలలేదు. దారినపోయే వాళ్ళు ఆగి, "అచ్చు మీ ఆయనే, కాపోతే మాటాడదు" అని మెచ్చుకునేవారు.

నేను మళ్ళీ డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. గోడమీద బావ రాసే అంకెల వరస పెరుగుతూ పోయింది. ఒకటి పాయింటు రెండు, ఒకటి పాయింటు ఐదు, ఒకటి. ఊరు నా గురించి ధైర్యంగా ఉంది, పాయింటుంది కదా.

ఎనిమిది నెలలకి, ఒక మంగళవారం, బావ డయాలసిస్ నుంచి నీరసంగా వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. అయినా ఫోను తీశాడు.

"బావా, నీ బుర్రలో ఖాళీ అయిన సోటు అద్దెకిత్తావేటి? నా గేదెని కట్టుకుంటాను."

మీట నొక్కాడు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నీ కిడ్నీలోనే కట్టుకో, అదెలాగూ బొక్కలు పూడిపోయిన... అందామని. బొక్కలు పూడిపోయిన ఏమిటి? వస్తువు కళ్ళ ముందుంది. గుండ్రంగా, చుట్టూ రేకు అంచు, అడుగున సన్నటి కన్నాలు. రోజూ మా ఇంట్లో పిండిలో నూక వేరుచేసేది. పేరు రాలేదు. నోరు తెరుచుకుని ఉంది. కొట్టు మీద నలుగురు నా వైపే చూస్తున్నారు, నవ్వడానికి సిద్ధంగా. ఎంతసేపైందో తెలీదు. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, ఎవరో తిట్టుకుంటూ దించారు.

బావ ఫోను వంక చూశాడు. దాన్ని బోర్లించి లుంగీ మడతలో దోపుకున్నాడు.

"టీ సల్లారిపోతంది బావా, తాగు" అన్నాడు.

అతను అంతకంటే పెద్ద తిట్టు తిట్టినా భరించేవాణ్ణి. నన్ను చూసి బావ జాలిపడటం నా జీవితంలో అదే మొదలు. టీ తాగాను. గోడమీద ఆ రోజు అంకె రాయలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అరుగు మీద కూర్చుని మా చెట్ల పప్పు వలుస్తోంది. పక్కనే పొట్టు జల్లించడానికి పెట్టుకుంది అది. జల్లెడ. చూడగానే పేరొచ్చేసింది, రైలు వెళ్ళిపోయాక స్టేషనుకొచ్చిన చుట్టంలా. ఆమె ఎదురుగా కూలబడి జరిగిందంతా చెప్పాను. ఒక్క వేళాకోళం కూడా కలపకుండా చెప్పాను. మరుపు అందరికీ వస్తుందని నాకు తెలుసు. ఇది ఆ మరుపో, కిరణాలు తెచ్చిన మరుపో తెలీదు. మేడమ్‌కి ఫోన్ చేస్తే ఏమంటుందో కూడా తెలుసు, ఇరవై నుంచి ఇరవై ఆరు అంటుంది, అంచనాయే అంటుంది, ఏడాదికి రమ్మంటుంది.

"నువ్వు సెప్పవే. రోజూ సూత్తన్నావు గదా. నిజం సెప్పు. నా పప్పు మాడిపోనాదా?"

ఆమె కత్తి ఆపలేదు. ఒక పప్పు పొట్టు ఊడదీసి, వెలుతురులో పెట్టి చూసి, కుప్పలో వేసింది. ఇంకోటి తీసుకుంది. అప్పుడు తలెత్తి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా మాటకి సగం నవ్వు నవ్వింది.

"కాల్సినోలూ సెప్పనేరు, కాలినోడూ సెప్పనేడు. పొట్టు తీసిందాన్ని నాను సెప్తన్నాను, ఇను. నీ పప్పు మాడనేదు మావా. కాపోతే అది మొదట్నుంచీ బద్దే. గుండని సెప్పి మీ అమ్మ నాకు అంటగట్టినాది."